ఏడో ప్రశ్న

ఆర్వ్ నది ఇక్కడ బియ్యం కడిగిన నీళ్ళ రంగులో పారుతుంది.
పైన మంచుకొండ రాయిని నూరి
పిండి చేసి పంపిస్తుందట.
దాని ఒడ్డున, రేకుల కప్పు కింద,
ద్యూక్రే గారి వర్క్‌షాపు:
పద్దెనిమిది లేతు మిషన్లు,
గోరు మీద నాలుగు నిలబడేంత ఇత్తడి మరలు.

నేను గ్రెనోబుల్ నుంచి ల్యాప్‌టాప్ తెచ్చాను.
అందులో మేం రాసిన ప్రోగ్రాం.
ఏ జిడ్డుకి ఏ ద్రావకం,
ఏది గాలికి తక్కువ కీడు, ఏది బావికి,
అన్నీ చెబుతుంది. చెబుతుందని
నా విజిటింగ్ కార్డు మీద ఉంది.

కడుగు తొట్టి దగ్గర జోసియాన్.
ముప్పై ఒక్క ఏళ్ళు.
బుట్ట దించడం, ఆవిరిలో ఉంచడం, ఎత్తడం.
మరలు పొడిపొడిగా, అప్పుడే పుట్టినట్టు వస్తాయి.
"ట్రైక్లో" అంటుంది, ఇంట్లో కుక్కని పిలిచినట్టు.
ట్రైక్లోరోఎథిలీన్ అని పూర్తి పేరు
ఆ షెడ్డులో నేనొక్కణ్ణే పలుకుతున్నాను.

తియ్యటి వాసన.
తొలి రోజుల్లో శనివారం అర గ్లాసు వైన్ తాగితే చాలు
మెడ దాకా ఎర్రబడేదట ముఖం.
సిగ్గు, అనేవాళ్ళు బల్ల చుట్టూ.
"ఏడేళ్ళు సిగ్గరినని పేరు మోశాను.
తొట్టి నన్ను తాగుతోందని ఎవరికి తెలుసు?"

ప్రోగ్రాం తెరిచాను.
దాని లోకంలో ప్రతి ద్రవానికీ మూడు అంకెలు.
మూడు అంకెలంటే గదిలో ఒక చోటు,
గాలిలో నిలిచిపోయిన దోమలాంటి చుక్క.
జిడ్డుకీ ఒక చోటుంది.
దాని చుట్టూ గోళం గీస్తుంది:
లోపల పడ్డవి కరిగిస్తాయి,
బయట పడ్డవి ముఖం తిప్పుకుంటాయి.
లోపలున్న వాటిలో ఒకటి నిప్పుకి చుట్టం.
ఇంకోటి మట్టిలోంచి జారి, బావుల అడుక్కి చేరి,
మనవల కాలం దాకా అక్కడే కూర్చునే రకం.

"ఈ రెండూ?"
గోళానికి అటొకటి ఇటొకటి ఉన్న
చుక్కల మీద వేలు పెట్టింది.
ఒకటి మొక్కజొన్నలోంచి తీసింది,
రెండోది కొవ్వొత్తి మైనానికి దాయాది.
విడివిడిగా దేనికీ పనికిరావు, అన్నాను.
"కలిపితే?"

కలిపాను.
రెంటి మధ్య గీత మీద కొత్త చుక్క
మెల్లగా జరిగి లోపలికి వచ్చింది.
కోడ్ రాసింది నేనే. అయినా
కుర్చీలో వెనక్కి వాలి కాసేపు చూశాను.
చేతకానివాళ్ళిద్దరు కలిసి
తలుపు తీయడం.

తర్వాత వరసగా ప్రశ్నలు.
ఎంత వేడి, ఎన్ని బుట్టలు, ఏ లోహం.
ఏడోది నేనెప్పుడూ దాటేసి పోయేదే,
రూల్సులో ఉందని పెట్టాం:
ఈ కడగడం ఎందుకు?

జోసియాన్ నవ్వలేదు.
మొదటి కడుగు కటింగ్ ఆయిల్ పోవడానికి.
మూడోది ప్యాకింగ్‌కి ముందు.
రెండోది...
ద్యూక్రే గారిని పిలిచింది. ఆయన ఫోర్‌మన్‌ని పిలిచాడు.
అటక మీంచి ఫైళ్ళు దించారు, బూజు దులిపారు.
రెండోది నికెల్ పూత కోసం.
పూత వేసే బోన్‌విల్ ఆసామి
తొంభై ఆరులో దుకాణం మూసేశాడు.
అప్పట్నుంచీ రోజుకి నలభై బుట్టలు
ఎవరూ అడగని శుభ్రం కోసం
మునిగి లేస్తూనే ఉన్నాయి.

"పద్నాలుగేళ్ళు," అంది,
నా వైపు కాదు, తొట్టి వైపు చూస్తూ.
"అందులో మూడేళ్ళు మా చెల్లెలు వెరొనిక్ దించింది ఈ బుట్ట."
ఇంకేం చెప్పలేదు. నేనూ అడగలేదు.
నా ప్రోగ్రాంలో దానికి గడి లేదు.

జూన్‌లో మళ్ళీ వెళ్ళాను.
రెండో తొట్టి తీసేశారు. అది ఉన్నచోట
సిమెంటు తెల్లగా, నలుచదరంగా;
ఎవరో సైకిల్ ఆనించారు.
మిగిలిన రెంటిలో కొత్త మిశ్రమం.
మరలు ఆలస్యంగా ఆరుతున్నాయని
ద్యూక్రే గారి సణుగుడు. నిజమే, ఆలస్యమే.

జోసియాన్ మూత ఎత్తబోతూ
గుండెనిండా గాలి పీల్చి బిగబట్టింది,
ముప్పై ఒక్క ఏళ్ళ లెక్క:
ఎత్తు, దించు, మూయి, అప్పుడు వదులు.
నేను చూస్తున్నానని గమనించి
సగంలోనే వదిలేసింది.

ముఖం ఎర్రబడింది.
ఈసారి సిగ్గే.